లైసెన్సు లేని సరంగమ్మ

మా వదినకు కోపం వస్తే నది కూడా రెండడుగులు వెనక్కి జరిగేదని నేను చెబితే మా ఇంట్లో పిల్లలు పడి పడి నవ్వుతారు. నవ్వనివ్వండి. నది సంగతి ఎలా ఉన్నా, రెండు దేశాల ప్రభుత్వాలు ఆవిడ ముందు వెనక్కి జరగడం మాత్రం నేను కళ్లారా చూశాను. ఆ సమయంలో మోకాలి లోతు బురదలో, నెత్తి మీద కాగితం పెట్టుకుని నిలబడి ఉన్నాను కూడా.

ఆవిడ మా అన్నయ్య భార్య. పడవ నడిపే మనిషిని సరంగు అంటారు కదా, రేవులో జనం ఆవిణ్ని సరంగమ్మ అనేవారు. మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిడకు నీళ్లంటే ఎంత భయమంటే, బిందె నిండుగా ఉంటే పక్కకు తప్పుకుని నడిచేది. మా అన్నయ్య నది మధ్యనున్న లంకకు పడవ నడిపేవాడు. మొదటి నెల ఆవిణ్ని పడవలో ఊరికే కూర్చోబెట్టి తిప్పాడు. రెండో నెల పడవ తోసే గెడ చేతికిచ్చాడు. మూడో నెలకల్లా పడవలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడే అన్నయ్యకు చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయిన తొమ్మిదో ఏట అన్నయ్య విషజ్వరంతో పోయాడు. నెల తిరక్కుండానే ఆవిడ నదీ శాఖ ఆఫీసుకు వచ్చి, పడవ లైసెన్సు తన పేర రాయమంది.

"ఆడవాళ్లకు ఇంతవరకు ఇవ్వలేదమ్మా," అన్నాడు అప్పటి ఇంజనీరు.

"ఇవ్వకూడదని ఎక్కడైనా రాసుందా?"

ఆయన రూల్సు పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. "రాసైతే లేదు."

"అయితే ఎవరో ఒకరు రాయకముందే ఇచ్చెయ్యండి."

ఇచ్చాడు. టైపు చేసింది నేనే. మిషన్ స్కూల్లో సిస్టర్ల దగ్గర చదువుకున్న పుణ్యమా అని నాకు ఆ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం దొరికింది. ఆ కాగితానికి వదిన అద్దం కట్టించి రేవు పాకలో మేకుకు తగిలించింది. అన్నయ్య ఫొటో దాని పక్కన, కాస్త కిందకి ఉండేది. ఇదేం న్యాయం వదినా అంటే, "ఫొటో పోతే ఇంకోటి కడిగించుకోవచ్చు మరిదీ," అనేది.

ఇక లంక సంగతి. నది మా ఊరి దగ్గర రెండు పాయలుగా చీలి, నాలుగు మైళ్ల తర్వాత మళ్లీ కలుస్తుంది. మధ్యలో లంక. నూట నలభై ఇళ్లు, పుచ్చతోటలు, ఒక బడి. నదికి తూర్పు ఒడ్డు మాది, పడమటి ఒడ్డు పక్క దేశానిది. లంక ఎవరిదంటే అక్కడే వచ్చింది చిక్కు. రెండు దేశాల పెద్దలు ఎప్పుడో కూర్చుని ఒకే ఒక్క వాక్యం రాసుకున్నారు: లోతు ఎక్కువగా ఉన్న పాయే సరిహద్దు. ఏ నెలలో కొలవాలో రాసుకోలేదు. భోజనాల వేళ అయి ఉంటుంది.

మా నదీ శాఖకు మొట్టమొదటి ఇంజనీరుగా వచ్చినాయనకు ఈత రాదు. అందుకని లోతులు నడి ఎండాకాలంలో, నీళ్లు అడుగంటినప్పుడే చూడాలని ఉత్తర్వు వేశాడు. పక్క దేశం ఇంజనీరుకేమో పెద్ద ఆవిరి లాంచీ ఒకటుండేది. ఎండాకాలంలో అది ఒడ్డు దిగదు. ఆయన వరద రోజుల్లోనే కొలవాలని రాసుకున్నాడు. వాళ్లిద్దరూ పోయారు. ఉత్తర్వులు మిగిలాయి. ఎండల్లో పడమటి పాయ లోతు, అంటే లంక మాది. వరదలో తూర్పు పాయ లోతు, అంటే లంక వాళ్లది. అరవై మూడేళ్లు ఏడాదికొక్కసారి ఎవరి నెలలో వాళ్లు నిజాయితీగా కొలిచి, అవతలివాళ్లు పచ్చి అబద్ధాలకోరులని తీర్మానం చేసేవారు. అవతలివాళ్ల నెలలో కూడా ఒకసారి చూద్దామన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. వచ్చినా, ఉత్తర్వులో లేదు.

ఆ తగవు పేరు మీద ఎన్ని జరిగాయని! లంకలో జెండాలు పాతడం, పీకడం, సైనికులు రావడం, పుచ్చకాయలు తిని వెళ్లిపోవడం. జనాభా లెక్కలకు రెండు దేశాలవాళ్లూ వచ్చి రాసుకుపోవడంతో లంకలో ప్రతివాడూ రెండుసార్లు పుట్టాడు. అక్కడి బడిలో భూగోళం పుస్తకాలు రెండు, ఒకదాంట్లో లంక ఆకుపచ్చ, ఇంకోదాంట్లో పసుపు. ఉద్రిక్తత అనే మాట రేడియోలో వినపడితే చాలు, ముందు ఆగేది మా వదిన పడవ. పురిటి నొప్పులొచ్చినా, పన్ను నొప్పి వచ్చినా లంకవాళ్లకు వైద్యుడు మా ఒడ్డునే ఉన్నాడు. మధ్యనున్నది ఆ ఒక్క పడవ.

లంక రేవుకు వరదల్లో తూర్పు పాయ మీదుగా నేరుగా వెళ్లాలి. ఎండల్లో ఆ పాయలో మోకాలి లోతు నీళ్లు, కింద ఊబి. అప్పుడు లంక కొసను చుట్టి పడమటి పాయలోంచి వెళ్లాలి. ఎప్పుడు ఏ దారో తెలియకపోతే ముప్పై మంది ప్రాణాలు. అందుకని వదిన ప్రతి సోమవారం పొద్దున్నే రెండు పాయల్లోనూ గెడ దింపి లోతు చూసేది. ఎన్ని బారలో, ఎన్ని మూరలో పాక చెక్కల మీద కత్తితో గాట్లు పెట్టేది. తలుపు పక్క చెక్కలు తూర్పు పాయవి, కిటికీ పక్కవి పడమటి పాయవి. ఇరవై ఒక్క ఏళ్లు. కొత్తగా చూసినవాళ్లు పాకకు చెద పట్టిందనుకునేవారు.

చివరికి తగవు తేల్చడానికి రెండు దేశాలూ చెరొక రాయబారిని పంపాయి. మావాడు సన్నాయన, ఎంత సన్నం అంటే పక్కకు తిరిగితే కుర్చీ ఖాళీగా కనపడేది. వాళ్లవాడు లావాయన. విచారణ మా ఆఫీసు మేడ మీద పెట్టారు. ఆ జిల్లాలో తిరిగే ఫ్యాను అక్కడొక్కటే ఉండడం కారణం. సాక్ష్యానికి ఒక సామాన్యురాలు కావాలని మా ఇంజనీరుకు బుద్ధి పుట్టింది. నన్ను వెంటేసుకుని రేవుకు వచ్చాడు. వదిన పడవలో నీళ్లు తోడి పోస్తోంది.

"ఏం లేదమ్మా, రేపు ఒక్క ముక్క చెప్తే చాలు. పడమటి పాయ లోతు అని."

"ఎండల్లోనా, వరదల్లోనా?"

"ఎప్పుడైనా."

"ఎప్పుడైనా ఎలా అవుతుంది బాబూ? వరదొస్తే తూర్పు పాయ దున్నుకుపోతుందిగా. అయిదు బారలుంటుంది. పడమటిది మూడు దాటదు. నీళ్లు తీశాక తూర్పు పాయలో ఇసుక మేట పడుతుంది, పడమటిది మిగుల్తుంది. ఏటా ఇంతే."

ఇంజనీరు ముఖం తుడుచుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేను కూడా ఇరవై ఏళ్లకు పైగా ఆ ఫైళ్లు మోస్తున్నాను, ఈ ముక్క అప్పుడే విన్నాను.

"వరదల సంగతి మిమ్మల్నెవరూ అడగరు," అన్నాడాయన.

"అడక్కపోతే చెప్పకూడదా?"

"మీ లైసెన్సు వచ్చే నెల రెన్యువల్‌కి వస్తుందనుకుంటా. కదయ్యా?" అని నావైపు చూశాడు.

వదిన తోడుతున్న చెంబు ఆపలేదు. "వస్తుంది. ఏటా వస్తుంది. కాస్త ఆ పక్కకి జరగండి, బూట్ల మీద పడుతుంది." ఆయన జరిగేలోపే పడింది.

మర్నాడు హాలు కిటకిటలాడింది. మా ఇంజనీరు లేచి, పడమటి పాయ లోతు అవునా కాదా అన్నాడు. అవునంది వదిన. ఆయన చిరునవ్వుతో కూర్చోబోయాడు. "ఎండల్లో," అంది. వాళ్ల ఇంజనీరు ఎగిరి గంతేసి, అయితే వరదల్లో తూర్పు పాయ లోతు, ఒప్పుకున్నట్టేగా అన్నాడు. "వరదల్లో ఒప్పుకున్నాను. ఎండల్లో చస్తే ఒప్పుకోను. మీరిద్దరూ ఇన్నేళ్లూ చెరో సగం నది చూసి మొత్తం మాదేనని పోట్లాడుకున్నారు. కావాలంటే నా పాక చెక్కలు చూసుకోండి."

రెండు దేశాల ఇంజనీర్లూ ఒక్కసారే లేచి, పడవ పాక ప్రభుత్వ రికార్డు కాదని అరిచారు. అరవై మూడేళ్లలో వాళ్లు ఏకీభవించిన మొదటి విషయం అది. లావాయన మాత్రం సన్నాయన వైపు వంగి ఏదో అన్నాడు. సన్నాయన తల ఊపాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పాకకు వచ్చి, కళ్లజోళ్లు ఎత్తి పెట్టుకుని గాట్లు చూశారు. ఇద్దరు ఇంజనీర్లనూ ఒకే చిన్న లాంచీలో ఎక్కించి, ఏడాది పొడుగునా వారం వారం లోతులు చూడమని ఆజ్ఞాపించి వెళ్లిపోయారు.

వాళ్లు అటు వెళ్లారో లేదో, ఇటు వదిన లైసెన్సు రద్దయింది. కారణం: అనుమతి లేకుండా నది లోతు కొలిచినందుకు. టైపు చేసింది మళ్లీ నేనే. కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లాను.

వదిన పైనించి కిందిదాకా చదివింది. "చక్కగా కొట్టావు. ఒక్క తప్పు లేదు."

"నేను రాజీనామా చేస్తాను వదినా."

"చేసి? ఇద్దరం రేవులో కూర్చుని ఈగలు తోలుకుందామా? నువ్వా కుర్చీలోంచి లేచావంటే ఊరుకోను. రేపు నా లైసెన్సు మళ్లీ టైపు చెయ్యడానికి మనిషుండొద్దూ?"

పడవను రేవు రాటకు గొలుసుతో కట్టి తాళం వేశారు. తాళంచెవి కాపలావాడి మొలతాడుకు. వదిన రోజూ పొద్దున్నే వచ్చి, కట్టేసిన పడవలోనే కూర్చునేది. పలకల సందుల్లో నీరు దూరకుండా కీలు పూసేది, నీళ్లు తోడేది, గొలుసు ఎంత దూరం పోనిస్తే అంత దూరం పోయి గెడ దింపి చూసేది. కాపలావాడు పాపం మొదట్లో వద్దన్నాడు. "నీ తాళం గొలుసుకేగా నాయనా, గెడకు వెయ్యలేదుగా," అంది. లంకవాళ్లు తాటిదోనెల్లో పడుతూ లేస్తూ వచ్చి, అమ్మా ఎప్పుడు తీస్తావు పడవ అని అడిగేవారు. వాళ్లు వచ్చి వెళ్లిన పూట ఆవిడ అన్నం సరిగ్గా తినేది కాదు.

ఆరు నెలలకు మా ఇంజనీరు కాస్త మెత్తబడ్డాడు. క్షమాపణ పత్రం ఒకటి రాసిస్తే లైసెన్సు తిరిగి ఇస్తానన్నాడు. నేనే మంచి కాగితం మీద, మర్యాదగా, నాలుగు వాక్యాల్లో రాసుకుని వెళ్లాను. సంతకం పెట్టెయ్ వదినా, కర్ర విరక్కుండా పాము చావకుండా పనవుతుంది, లంకవాళ్ల కోసమైనా పెట్టు అని బతిమాలాను.

"మీ సిస్టర్లు సిరా ఒలికినా సారీ చెప్పించేవాళ్లన్నావు కదూ?"

"అవును."

"నేను సిరా ఒలకబొయ్యలేదు." కాగితం నాలుగు మడతలు పెట్టి పడవ పలక సందులో కుక్కింది. "ఇదిగో, కాస్త పనికొచ్చింది. ఇక్కడ కారుతోంది."

ఏడాది నిండింది. రెండు దేశాల లోతు పట్టికలు ఒకే బల్ల మీద పరిచారు. సరంగమ్మ చెప్పినట్టే పాయలు ఏడాదికి రెండుసార్లు మాట మార్చాయి. ఇక లంక మాదంటే మాదనడానికి ఎవరి దగ్గరా మొహం లేదు. రాయబారులు నెల రోజులు కూర్చున్నారు. సగానికి కోద్దామంటే కోత బడి మధ్యలోంచి పోతుంది. మునగనిద్దామని ఒకడు జోకేస్తే లంకవాళ్లు రాళ్లు ఏరుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, లంక ఇద్దరిదీ. ఆరు నెలలు ఒకరి పాలన, ఆరు నెలలు ఇంకొకరిది. సైనికులు ఎవరివాళ్లూ కాలు పెట్టకూడదు. భూములు దున్నుకునేవాళ్లవే. పాయ మారిన రోజున పాలన మారాలని మొదట అనుకుని, నదిని నమ్మలేక తారీఖులు వేసుకున్నారు. వదినకు చెబితే, "నదికి క్యాలెండరిచ్చారా! గోడకు తగిలించుకుంటుందిలే," అంది.

"నీ లైసెన్సు గురించి ఒప్పందంలో ఏమీ లేదు వదినా," అన్నాను.

"ఎందుకుంటుంది? వాళ్లకు లాంచీ ఉందిగా."

ఒప్పందం మీద సంతకాలు లంకలోనే, బడి ముందు పందిట్లో. వరద తీస్తున్న రోజులవి, పాయ అటా ఇటా అని నది ఊగిసలాడే వారం. ఆ వారం లోతులు చూడలేదు. లాంచీకి రంగులు వేస్తున్నారు మరి. రాయబారులు, ఇంజనీర్లు, ఫైళ్లతో నేను, అందరం దర్జాగా ఎక్కాం. రేవు నుంచి రెండు వందల గజాలు పోయామో లేదో, కింద బర్రున చప్పుడైంది. లాంచీ ఇసుక మేట మీద కూర్చుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. నీళ్లేమో తీస్తున్నాయి. అరగంటలో ఒక పక్కకు ఒరగడం మొదలెట్టింది. లావాయన ఏ పక్కనుంటే ఆ పక్కకు ఒరుగుతోందని సన్నాయన ఆయన్ని మర్యాదగా మధ్యకు జరపబోయాడు.

రేవులో వదిన కట్టేసిన పడవలో కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

"సరంగమ్మా!" అని కేకేశాడు మా ఇంజనీరు. "పడవ తీసుకురా!"

"లైసెన్సు లేదు బాబూ!"

"ఈ ఒక్కసారికి ఫరవాలేదు!"

"అమ్మో! లైసెన్సు లేని పడవ నడిపితే నేరం. ఎక్కినా నేరమే. మీరే రాశారు, మా మరిదే టైపు చేశాడు. పెద్దవాళ్లను అంతంత నేరంలోకి నేను దించను!"

లావాయనకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వినందుకు లాంచీ ఇంకాస్త ఒరిగింది. "రాసివ్వండయ్యా," అన్నాడు. సభలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో రాసుకున్న కాగితం వెనక నేను గబగబా రాశాను. మా ఇంజనీరు చెప్పినట్టే రాశాను, అదీ నా తప్పు. నది మధ్యలో ఉన్నాం, ఇది ఎవరి నీళ్లో ఇంకా తేలలేదు కాబట్టి సన్నాయన సంతకంతో పాటు తన సంతకం కూడా ఉండాలన్నాడు లావాయన. ముందెవరు పెట్టాలని పావుగంట. చివరికి కాగితం చెరో కొసా పట్టుకుని ఇద్దరూ ఒకేసారి పెట్టారు.

ఆ కాగితం తీసుకుని నీళ్లలోకి దిగాల్సింది ఎవరు? నేనే.

"ఎడమకి రా మరిదీ! ఇంకా ఎడమకి! సిస్టర్లు ఎడమ చెయ్యేదో నేర్పలేదా? అక్కడ ఊబుంది, కుడికాలు తియ్యి!" అంటూ రేవులోంచి ఆవిడ కేకలు. రొమ్ము లోతు, నడుం లోతు, మోకాలి లోతు దాటి, ఎలాగో గట్టెక్కి కాగితం చేతికిచ్చాను. ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుని నిదానంగా చదివింది.

"'ఈ ఒక్క రోజుకు' అనుంది ఇక్కడ."

"ఇంజనీరు చెప్పాడు వదినా..."

"కొట్టేయించుకురా."

"వదినా! మళ్లీ అంత దూరం..."

"ఏడాది నేను గొలుసు పొడుగునే తిరిగాను. నువ్వు రెండు వందల గజాలు తిరగలేవా?"

వెళ్లాను. లాంచీ పక్కన మేట మీద, మోకాళ్ల లోతు బురదలో నిలబడి, కాగితం ఎత్తి చూపించి, ఏం కొట్టెయ్యాలో అరిచాను. మా ఇంజనీరు కుదరదన్నాడు. సరిగ్గా అప్పుడే లాంచీ కిర్రుమంది, ఆయన టోపీ నీళ్లలో పడింది. సన్నాయన నా చేతిలోంచి కాగితం లాక్కుని, ఆ మూడు మాటలూ కొట్టేసి, 'నడపగలిగినంత కాలం' అని తన చేత్తో రాశాడు. ఇద్దరూ మళ్లీ పొట్టి సంతకాలు పెట్టారు. ఒప్పందం కంటే గంట ముందు, ఆ రెండు దేశాలూ కలిసి సంతకం చేసిన మొట్టమొదటి కాగితం మా వదిన పడవ లైసెన్సు. మీరు నమ్మినా నమ్మకపోయినా నాకు దానివల్ల వారం రోజులు జలుబు.

కాపలావాడు తాళం తియ్యడానికి పరుగెత్తుకొచ్చాడు. వదిన గెడ ఊని ఒక్క తోపు తోసింది, పడవ బాణంలా వచ్చి లాంచీ పక్కన ఆగింది. "లావుబాబు ఈ పక్క, సన్నబాబు ఆ పక్క. ఇంజనీర్లిద్దరూ మధ్యలో, కదలకుండా. మాట్లాడితే పడవ ఊగుతుంది," అంది. లంక చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు.

లంక రేవులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒప్పందం చూడ్డానికనుకున్నాడు సన్నాయన, చెయ్యి ఊపాడు. వాళ్లు ఆయన చేతికింద నుంచి దూరి పడవలోకి ఎక్కేశారు. ఏడాదిగా ఆగిపోయిన పనులు మరి. చంటిపిల్లతో ఒకామె, పన్ను పట్టుకుని ఒక ముసలాయన, పుచ్చకాయల బుట్టలు.

"అమ్మా, మీరు పందిట్లోకి రారా?" అన్నాడు లావాయన. "మీరు ఉండాలి కదా."

"నాకు మనుషులెక్కారు బాబూ," అని గెడ ఊనింది వదిన.

ఒప్పందం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మేం రేవుకు వచ్చాం. పడవ అప్పటికి మూడోసారి తిరుగుతోంది. మా ఇంజనీరు ముందుకు తోసుకుని పోబోయాడు.

"వరసలో నిలబడండి," అంది వదిన.

"రాయబారులున్నారమ్మా ఇక్కడ!"

"ఉండనివ్వండి. నీడగానే ఉందిగా."

సన్నాయన పదిహేడోవాడు, లావాయన పద్దెనిమిది, వాళ్ల ముందు ఆరు పుచ్చకాయల బుట్టలు. ఇంజనీర్లిద్దరూ ఆ వెనక. నేను మరిదిని కాబట్టి ముందు ఎక్కిస్తుందనుకున్నాను. నన్ను అందరి వెనకా నిలబెట్టింది.